గడియ తీసిన తలుపు

పాత నూలు మిల్లులో పెట్టిన ఆ మ్యూజియానికి పగలు ఎంత మంచి పేరో, పొద్దుగూకితే అంత చెడ్డ పేరు.

అది వచ్చాక రోడ్డుకి లైట్లొచ్చాయి, కాఫీ షాపులొచ్చాయి, అద్దెలు ఆకాశానికెక్కాయి. మిల్లు వెనక సందులో ఇళ్లు మాత్రం ఒక్కొక్కటే నేలమట్టమయ్యాయి. ఆ కూల్చిన ఇళ్ల తలుపుల్ని ఒక కళాకారుడు ఏరుకొచ్చి, చివరి హాల్లో గోడకి వరసగా బిగించి, గడియలు పెట్టి, ‘మా వీధి’ అని పేరు పెట్టాడు. మనుషులు తప్ప అన్నీ ఉన్న వీధి!

సాయంత్రం గేట్లు మూశాక... ఆ తలుపుల్ని ఎవరో కొడతారట. మనవైపు నుంచి కాదు — గోడవైపు నుంచి.

ఇది మా పిన్ని చెప్పిన మాట. అనుమానముంటే ఆవిడతోనే తేల్చుకోండి, నాకంత ధైర్యం లేదు.

పిన్ని అక్కడే ఊడ్చి తుడిచే పని చేస్తుంది. సందులో మిగిలిన ఆఖరి ఇల్లు ఆవిడదే. ముసలి అత్తగారు దారి తప్పిపోతుందని బయట గడియ పెట్టి పనికొచ్చేది. తిరిగెళ్లేసరికి ఆవిడ లోపల్నుంచి తలుపు బాదుతూ ఉండేది — “నేనేమన్నా దొంగనటే?”

చేరిన రోజే వాచ్‌మన్ తాత చెవిలో చెప్పాడు. “చప్పుడైతే అవనీ... గడియ మాత్రం తియ్యకమ్మా. తీస్తే ఆ తలుపుల వెనకవాళ్లు తమ ఇళ్లు వెతుక్కుంటూ పోతారు.”

“పోనీ తాతా, నాకు తుడిచే పని తగ్గుతుంది” అంది పిన్ని.

ఒక సాయంత్రం ఆ హాలు ఊడుస్తుంటే —

టక్... టక్ టక్.

చీపురు ఆగింది. వరస చివర, పొద్దున లేని తలుపు. వెలిసిన ఆకుపచ్చ రంగు... కింద మూల పిల్లి గీరిన గీతలు...

తన ఇంటి తలుపు!

టక్... టక్ టక్.

“వస్తున్నా అత్తయ్యా!” అలవాటుకొద్దీ గడియ లాగేసింది. వెనక ఉత్త గోడ. చల్లగాలి మాత్రం మొహాన్ని రాసుకుంటూ పోయింది.

ఇల్లు కూల్చేశారా? ముసలావిడ లోపలే...?

చీపురు విసిరేసి పరుగెత్తింది.

ఇల్లుంది. తలుపు లేదు. గుమ్మంలో కాళ్లు చాపుకుని అత్తగారు!

“మ్యూజియం వాళ్లొచ్చి అడిగారే. ఎలాగూ కూలే కొంపేగా, ఇచ్చేశా. ఇప్పుడు పెట్టు గడియ, చూస్తా!”

పిన్నికి ఏడుపూ నవ్వూ కలిసొచ్చాయి. “మరి అక్కడ కొట్టిందెవరత్తయ్యా?”

అత్తగారి నవ్వు ఆగిపోయింది. గొంతు తగ్గించింది.

“గడియ తీశావా?”

“తీశాను...”

“మళ్లీ పెట్టావా?”

పిన్ని వెనక్కి తిరిగి చూసింది. సందు మొదట్లో, చీకట్లో... అడుగుల చప్పుడు. ఒకరివి కావు.

చప్పున లోపలికి దూరి తలుపేసుకుందామంటే — ఆ ఇంటికి తలుపేదీ?