ఎడమకు తిరగని తుపాను

వాతావరణం చెప్పే మనిషిని ఎవరైనా చంపుతారా? వానొస్తుందన్న రోజు ఎండ కాస్తే నాలుగు తిట్లు తిడతాం, అంతే కదా! కానీ విమానాశ్రయ వాతావరణ కేంద్రంలో సీనియర్ ఫోర్‌కాస్టర్ కాఫీ కప్పు చేతిలో ఉండగానే కుర్చీలో ఒరిగిపోయాడు. కాఫీలో విషం.

"విదేశీ ముఠా పని," అన్నాడు చీఫ్. "శాంతి ఒప్పందం కుదుర్చుకున్న మన బృందం ఇవాళ మధ్యాహ్నం తిరిగొస్తోంది. ఆ విమానం క్షేమంగా దిగకూడదు. బాంబు లేదు, తుపాకీ లేదు. తుపానునే వాడుకుంటారట."

"పైలట్ ఎవరు సార్?"

చీఫ్ చూపు తిప్పుకున్నాడు. "మీ అక్క."

ఏజెంట్ నత్త కుర్చీలోంచి లేచాడు. ఎంత ప్రమాదంలోనూ తొందరపడడని డిపార్ట్‌మెంట్ ముద్దుగా పెట్టిన పేరది. ఆ క్షణాన అతనికి పరుగెత్తాలనిపించింది.

"ఆ గదిలో ఇద్దరే ఉంటారు," అన్నాడు చీఫ్. "శాటిలైట్ ఫోటోలు చూసే మేడమ్. డబుల్ ఏజెంట్. ఏ రోజు ఎవరి పక్షమో ఆవిడకే తెలియాలి. రెండోవాడు, పోయినాయన స్థానంలో వచ్చిన ఫోర్‌కాస్టర్. ముప్ఫై ఏళ్ళుగా మన దేశంలోనే సర్వీసు. రికార్డు క్లీన్."

గంట తిరక్కుండా నత్త ఏసీ మెకానిక్ వేషంలో వాతావరణ కేంద్రంలో నిచ్చెన ఎక్కాడు. కిటికీ అవతల మబ్బు నేలని తాకుతోంది. కొత్త ఫోర్‌కాస్టర్ని అప్పుడే అందరూ బాబాయ్ అంటున్నారు. "జాగ్రత్త నాయనా, పడతావ్," అంటూ నిచ్చెన పట్టుకున్నాడు కూడా. ఇంత మంచివాడేమిటా అని నత్తకి ఒళ్ళు మండింది.

మేడమ్ పక్కగా వెళ్తుంటే కోడ్ వదిలాడు. "గొడుగు తెచ్చారా మేడమ్?"

ఇవాళ మన పక్షమైతే, తడవడం నాకిష్టం అనాలి. ఆవిడ నవ్వింది. "ఏసీ బాగుచేసేవాడివి, నా గొడుగు గోల నీకెందుకు?"

నత్త తన వాచ్ చూసుకున్నాడు. దాని అడుగున చిన్న బారోమీటర్. గాలి పీడనం 990. గోడమీద బోర్డు చూశాడు. 1010! టవర్‌కి పోయేది ఆ అంకే. దాన్ని పెట్టుకునే పైలట్ తన ఆల్టిమీటర్‌లో ఎత్తు చూస్తుంది. అసలు పీడనం అంతకన్నా తక్కువైతే, విమానం ఆల్టిమీటర్ చూపేదానికన్నా ఆరువందల అడుగులు కిందుంటుంది. మబ్బులో ఏమీ కనబడదు. రన్‌వేకి ముందు కొండ. అమ్మో, అక్క!

ఎవరు మార్చారు? మేడమ్ చెయ్యి అప్పటికే బారోమీటర్ పెట్టె వెనక ఉంది. నత్త నిచ్చెన దిగాడు. ఆవిణ్ణి పట్టుకుంటే అసలు దొంగ జారుకుంటేనో? ఆగాడు.

"బాబాయ్, తుపాను నెత్తిమీదికొచ్చేసినట్టుందే?" అన్నాడు అమాయకంగా.

"ఎక్కడిది నాయనా! ఇంకా సముద్రంలోనే ఉంది." బాబాయ్ గడియారం వంక చూసి, గబగబా మార్కర్ అందుకుని బోర్డుమీద సుడి గీశాడు. చుట్టూ బాణాలు పెట్టాడు. "గాలి ఇలా తిరుగుతుంది. మనకేం భయం లేదు."

బాణాలు గడియారం ముల్లులాగే కుడికి తిరిగాయి. భూమధ్యరేఖకి ఉత్తరాన ఉన్న ఈ దేశంలో తుపాను ఎడమకే తిరుగుతుంది. అక్క పరీక్షలకి బట్టీపడుతుంటే విని విని నత్తకే నోటికొచ్చింది. ముప్ఫై ఏళ్ళు ఇక్కడే పనిచేసినవాడు కలలో కూడా ఇలా గీయడు. రేఖకి దక్షిణాన పాఠం నేర్చుకున్న చెయ్యి, తొందరలో తన పాఠమే గీసింది.

"ఏ దేశం బాబాయ్ మనది?" అన్నాడు నత్త.

బాబాయ్ మొహంలో నవ్వు మాయమైంది. టవర్‌కి పోయే హాట్‌లైన్ ఫోన్ వైరు పీకేసి, జేబులోంచి పెన్ను తీశాడు. పాళీ ఉండాల్సిన చోట సూది. అది మెడని తాకేలోపు నత్త ఏసీ గ్రిల్‌తో నెత్తిమీద ఒక్కటిచ్చాడు. బాబాయ్ కుప్పకూలాడు.

కానీ ఫోన్ చచ్చింది. మబ్బుల్లో ఇంజన్ల మోత వినిపిస్తోంది.

మేడమ్ పౌడర్ డబ్బా విసిరింది. అడుగున బుల్లి రేడియో. "పైలట్ ఫ్రీక్వెన్సీలో పెట్టాను. మాట్లాడు."

నత్త అనుమానంగా చూశాడు. "ఇవాళ ఎవరి పక్షం?"

"విమానం పక్షం. ఆ పెట్టె వెనక ఎవరేం మార్చారా అనే వెతికాను. చూస్తావేం, త్వరగా!"

నమ్మక గత్యంతరం లేదు. "ఫ్లైట్, ప్రెషర్ తప్పు! అసలు 990. వెంటనే పైకి లేపండి!"

"ఎవరు మాట్లాడేది?" అక్క గొంతు కరుగ్గా వచ్చింది. "టవర్ 1010 అంది. మీరెవరో చెప్పందే నేను వినను."

పేరు చెప్పకూడదు. ఊపిరి పోయినా చెప్పకూడదని ప్రమాణం చేశాడు. నత్త కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"అక్కా, నేనే! నీకు దండం పెడతాను, పైకి లేపవే!"

ఇంజన్లు గర్జించాయి. మబ్బులు చీల్చుకుని విమానం కొండ నెత్తిమీదుగా పైకి లేచింది. నత్త నేలమీద చతికిలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చేశాడు.

సరైన అంకెతో రెండోసారి చక్కగా దిగింది విమానం. అక్క టోపీ చంకలో పెట్టుకుని నేరుగా అతని దగ్గరికే వచ్చింది. తమ్ముడి మొహం రెండు చేతుల్లోకి తీసుకుని చాలాసేపు చూసింది. ఆ పైన చెవి మెలేసింది.

"ఫ్రిజ్‌లు అమ్ముతున్నానన్నావు కదరా! పిల్లనిచ్చేవాళ్ళకి అదే చెప్పొచ్చాను. ఇప్పుడేం చెప్పను?"

"అదే ఉండనీ అక్కా," అన్నాడు నత్త చెవి రుద్దుకుంటూ. "ఫ్రిజ్‌కైతే గ్యారంటీ ఉంటుంది."