పెళ్ళికొడుకు ఉంగరానికి పదకొండు వంకలు

పెళ్ళికొడుక్కి ఉంగరం అమ్మడమంత తేలికైన బేరం లోకంలో లేదని శంకరయ్య సేటు నమ్మకం. అయిజ బజారులో ముప్పై ఏళ్ళుగా బంగారం అమ్ముతున్నాడు. ఆడవాళ్ళు ఒక జత గాజులు ఎంచేలోపు రెండుసార్లు చాయ్ తెప్పించాలి. మగవాళ్ళయితే మొదటి ఉంగరానికే తలూపి, ఫోను తీసి క్రికెట్ స్కోరు చూసుకుంటారు. ఆగస్టు నెలలో ఒక శనివారం డేవిడ్ వచ్చి ఆ నమ్మకాన్ని గంటలో పాడుచేశాడు.

మొదటి ఉంగరం వెడల్పన్నాడు. రెండోది సన్నమన్నాడు. మూడోదాని మీది సిలువ అంగీకి గీరుకుంటుందన్నాడు. నాలుగోది మరీ మెరుస్తోందన్నాడు. మెరవకపోతే బంగారం ఇంకేం చేయాలో శంకరయ్యకు అర్థం కాలేదు. అయినా గిరాకీ కదా, నవ్వి ఐదోది తీశాడు.

పక్క కుర్చీలో నిరోష కూర్చుని ఉంది. పెళ్ళికూతురు. గద్వాల దవాఖానాలో ల్యాబ్ టెక్నీషియను. రోజూ బోలెడుమంది చేతులు పట్టుకుని రక్తం తీస్తుంది. సూది కన్నా ఆ పిల్ల నోరే ముందు గుచ్చుకుంటుందని అక్కడ ప్రతీతి.

"సేటూ, ఉంగరాలు లోపల పెట్టున్రి. అన్నీ మంచిగనే ఉన్నయి. వేలే మార్చాలె," అంది.

"నా వేలుకేమైంది?" అన్నాడు డేవిడ్.

"నరం మంచిగ కనిపిస్తుంది. రక్తం తీయనీకి పనికొస్తది. ఉంగరానికే పనికిరాదు."

డేవిడ్ వేలు వెనక్కి తీసుకుని, ఆరోదాన్ని దీపానికి ఎదురుగా పెట్టి పరీక్షించాడు. అందులో ఏం వెతుకుతున్నాడో దేవుడికే తెలియాలి.

చర్చిలో మార్చుకునే ఉంగరాల్లో పెళ్ళికూతురిది మగపెళ్ళివారు, పెళ్ళికొడుకుది ఆడపెళ్ళివారు కొనడం వాళ్ళ ఆనవాయితీ. అందుకే నిరోష వెంట నాయన ఇమ్మానుయేలు, మేనత్త సారమ్మ వచ్చారు. ఈ సంబంధం తెచ్చింది సారమ్మే. పిల్లోడికి కరెంటు ఆఫీసులో ఫ్యాను కింద కూర్చుని రాసుకునే కొలువని, ఎండ తగలదు, వాన తగలదని ఆమె చెప్పింది. ఇమ్మానుయేలుకు కావలసింది కూడా అదే. పదేళ్ళ కింద ఆయన తమ్ముడు పొలంలో మోటరు నడవడం లేదని, కరెంటు బంద్ చేయించకుండానే ట్రాన్స్‌ఫార్మరు దగ్గర ఫ్యూజు వేయబోయి అక్కడే పోయాడు. అప్పటి నుంచి స్తంభం ఎక్కేవాడికి పిల్లనివ్వనని ఇమ్మానుయేలు ఒట్టు.

నిరోషకు మాత్రం ఫ్యానుతో పనిలేదు. ఆమె షరతు ఒక్కటే. ఉంగరం వేలికి ఉండాలి. ఎప్పుడూ ఉండాలి. అక్క మొగుడు సాంసన్ పెళ్ళయిన పదో రోజున పుణెలో మేస్త్రీ పనికి పోయాడు. సిమెంటు పనిలో అడ్డం వస్తుందని ఉంగరం తీసి జేబులో వేసుకున్నాడు. ఆ తరువాత అక్కడ తాను పెళ్ళికాని వాడినని చెప్పుకున్నాడు. అక్క మూడేళ్ళుగా పుట్టింట్లోనే ఉంది. ఈ సంగతి నిరోష డేవిడ్‌తో మొదటి ఫోనులోనే చెప్పింది. అతను అంతా విని, సిగ్నల్ సరిగా లేదన్నాడు.

నాలుగు నెలల్లో ఇద్దరూ ఎదురుపడింది ఒక్కసారి, పదిహేను నిమిషాలు. అందులో పన్నెండు నిమిషాలు పాస్టరుగారి ప్రార్థనకే పోయాయి. మిగతాదంతా ఫోనే. ఫోనులో డేవిడ్ బంగారం లాంటి మనిషి. తిన్నావా అని అడుగుతాడు. అడిగి జవాబు కూడా వింటాడు, అది మగవాళ్ళలో అరుదైన గుణమని నిరోష అభిప్రాయం. ఆఫీసులో ఉన్నానంటాడు గానీ, ఆ ఆఫీసులో గాలి హోరు, మేకల అరుపులు వినిపిస్తుంటాయి. సర్కారు ఆఫీసులన్నీ అంతేలెమ్మని ఆమె సర్దుకుంది.

ఉంగరానికి గద్వాల పోదామని, కాదంటే వనపర్తి పోదామని డేవిడ్ వారం నుంచి పోరాడు. తన పెళ్ళికి పుస్తె కొన్నది శంకరయ్య దగ్గరేనని ఇమ్మానుయేలు వినలేదు. బల్మూర్ నుంచి అయిజకు బదిలీ అయి రెండు నెలలైనా కాలేదు, సొంత బజారులో దొంగలా కూర్చున్నాడు పెళ్ళికొడుకు.

పదకొండో ఉంగరం బరువుందన్నాడు. నిరోష లేచి, అతన్ని దుకాణం గడప దాకా రమ్మంది. బయట వాన మొదలైంది. ఎదురుగా ఉన్న వేపచెట్టు కొమ్మలు గాలికి ఊగుతున్నాయి.

"సూటిగ చెప్పు. నీకు ఉంగరం నచ్చుత లేదా, నేను నచ్చుత లేనా?"

"నువ్వు నచ్చినవ్ గనకనే..." అని ఆగిపోయాడు.

"గనకనే?"

"ఏం లే."

"నాలుగు నెలల సంది గీ 'ఏం లే' తోనే కాపురం చేస్తున్న," అంది నిరోష. "పెళ్ళికి నాలుగు వారాలుంది. వద్దనుకుంటే ఇప్పుడే చెప్పు. మా అక్క లెక్క మూడేండ్లు కూసొని ఏడ్చే ఓపిక నాకు లేదు."

డేవిడ్ ముఖం చూస్తే ఏదో చెప్పేసేలాగే ఉన్నాడు. అంతలో సారమ్మ, ఆడలేక మద్దెల ఓడన్నట్టు ఆ వంకలేంది, వచ్చి పన్నెండోది చూడండని కేకేసింది.

పన్నెండోది వేలికి తొడిగాడు. గీతలు లేవు, సిలువ లేదు, నున్నటి మామూలు ఉంగరం. సరిగ్గా సరిపోయింది. డేవిడ్ దాన్ని చూస్తూ ఉండిపోయాడు. వంక దొరకలేదు పాపం.

అప్పుడే బయట పెద్ద చప్పుడయింది. దుకాణంలో దీపాలు ఆరిపోయాయి. ఇన్వర్టరు రిపేరులో ఉందని శంకరయ్య చెప్పాడు. ఉగాది నుంచి రిపేరులోనే ఉందన్న మాట చెప్పలేదు. కొత్త లైన్‌మన్ నంబరుందంటూ ఆయన ఫోను తీసి నొక్కాడు.

డేవిడ్ జేబులో ఫోను మోగింది.

అందరూ అతని వైపు చూశారు. డేవిడ్ దాన్ని కట్ చేశాడు. శంకరయ్య చెవి దగ్గర ఫోను కూడా కట్ అయింది. కొత్త లైన్‌మన్‌కు పొగరెక్కువలా ఉందని గొణుగుతూ ఆయన గడప దాకా పోయి చూసి, గాబరాగా వెనక్కి వచ్చాడు. వేపకొమ్మ విరిగి తీగ మీద పడిందట. తెగిన తీగ సుభద్రమ్మ కూరగాయల బండి పైనే వేలాడుతోందట.

రెండోసారి ఫోను మోగలేదు. ఆ అవసరం రాలేదు. డేవిడ్ లేచి నిలబడ్డాడు.

"సేటూ, ఫోను చెయ్యకు. నేనే లైన్‌మన్‌ను," అన్నాడు.

సారమ్మ ఉన్నట్టుండి గాజుల డబ్బాలో ఏదో ముఖ్యమైన పని చూసుకుంది. ఇమ్మానుయేలు కుర్చీలోంచి లేచాడు. డేవిడ్ అప్పటికే వానలో ఉన్నాడు. సుభద్రమ్మను బండి వదిలి దూరం పొమ్మని, ఎవరూ దగ్గరికి రావద్దని అరిచాడు. సబ్‌స్టేషనుకు ఫోను చేసి లైను బంద్ చేయమన్నాడు. బంద్ అయిందంటే, నిజంగా అయిందా అని మళ్ళీ అడిగాడు. అయిందన్న మాట నమ్మకుండా, తన మోటారుసైకిలు డబ్బాలోంచి గ్లవుజులు, టెస్టరు తీసి తానే చూసుకున్నాడు. నిచ్చెన తెచ్చి స్తంభానికి ఆనించాడు. ఒక మెట్టు ఎక్కి, ఏదో గుర్తొచ్చినట్టు దిగాడు.

గ్లవుజు తీసి, వేలికున్న ఉంగరాన్ని లాగాడు. కణుపు దగ్గర ఇరుక్కుంది. వాననీళ్ళకు జారి వచ్చింది. గడప మీద నిలబడ్డ నిరోష దగ్గరికి వచ్చి ఆమె అరచేతిలో పెట్టాడు.

"చేతికి బంగారముంటే పైకెక్కొద్దు. మా పనిల ఎవ్వరం ఏస్కోము. జర పట్టుకో," అన్నాడు.

పదకొండు వంకల అర్థం నిరోషకు అప్పుడు తెలిసింది. వేసుకోలేని ఉంగరాన్ని వేసుకుంటానని మాటివ్వలేక, వేసుకోనని చెబితే తను ఎక్కడ పోతుందోనని భయపడి, ఆ మొద్దు మనిషి గంటసేపు బంగారాన్ని తిట్టాడు. నాలుగు నెలల్లో ఆమెకు అతని మీద అంత కోపమూ అంత జాలీ ఒకేసారి ఎప్పుడూ రాలేదు.

శంకరయ్య కూడా వానలోకి వచ్చాడు. తీగ కోసం కాదు. బిల్లు కాని ఉంగరం బజారులోకి పోతే ఏ సేటుకైనా నిద్ర పట్టదు. ఆయనకు కనబడాలని, పడిపోకూడదని నిరోష దాన్ని తన వేలికి పెట్టుకుంది. నాలుగు వేళ్ళకూ వదులైంది. బొటనవేలికి సరిపోయింది.

నిచ్చెన తడి నేల మీద కొంచెం జరిగింది. ఎవరూ పిలవకుండానే ఇమ్మానుయేలు పోయి దాన్ని రెండు చేతులతో పట్టుకున్నాడు. తల ఎత్తి పైకి చూడలేదు. పావుగంట సేపు, వాన మొహం మీద కారుతుంటే, నిచ్చెన కాళ్ళనే చూస్తూ నిలబడ్డాడు.

డేవిడ్ దిగి సబ్‌స్టేషనుకు మళ్ళీ ఫోను చేశాక దీపాలు వెలిగాయి. బజారులో అందరూ దుకాణాల్లోకి పోయారు. ఇమ్మానుయేలు మాత్రం నిచ్చెన వదలలేదు.

"ఫ్యాను కింద కొలువన్నరు," అన్నాడు.

"ఆఫీసుల ఫ్యాను ఉంది. నా కండ్లతోని నేనే చూసిన," అంది సారమ్మ గడప మీంచి. పాపం, ఫ్యాను విషయంలో ఆమె చెప్పింది నిజమే.

"అత్త చెప్పింది, నేను కాదనలే. నా తప్పే మామా," అన్నాడు డేవిడ్. "నిజం చెప్తే మీరు పిల్లనియ్యరు. ఉంగరం ఎప్పుడూ ఉండదంటే నిరోష చేసుకోదు. దినాం చెప్దామనుకున్న. దినాం భయమైంది."

ఇమ్మానుయేలు నిచ్చెన మీంచి చేతులు తీశాడు. తరువాత నెమ్మదిగా, "లైను బంద్ అయిందని రెండుసార్లు అడిగినవ్. మళ్ళ నువ్వే చూసుకున్నవ్," అన్నాడు. "మా తమ్ముడు ఒక్కసారి అడిగినా బతికెటోడు." మొహం తుడుచుకున్నాడు. తుడుచుకున్నది వాననీళ్ళేనని అందరూ అనుకున్నట్టు నటించారు. "నా దిక్కు నుంచి అడ్డం లేదు. బిడ్డను అడుగు."

బిడ్డ అంత తేలిగ్గా దొరికే రకం కాదు.

"మా బావ గూడ పనికి అడ్డమనే తీసిండు," అంది నిరోష. "మొదలు పనికాడ తీసిండు, తర్వాత పెళ్ళాన్నే తీసేసిండు."

"తెలుసు. అందుకే నోరు రాలే."

"కని ఆయన తీసి జేబుల ఏసుకున్నడు. నువ్వు తెచ్చి నా చేతిల పెట్టినవ్."

డేవిడ్ తడిసిన కోడిలా నిలబడి ఆమెనే చూస్తున్నాడు. ఆ చూపు ఫోనులో వచ్చేది కాదని నిరోష గమనించింది. గమనించనట్టు లోపలికి పోయి కూర్చుంది.

ఏది ప్యాక్ చేయమంటారని శంకరయ్య ఆశగా అడిగాడు. బొటనవేలికున్నదాన్నే నిరోష చూపించింది. పెళ్ళికొడుకు ఉంగరాన్ని పెళ్ళికూతురు బొటనవేలికి కొలవడం ఏ ఊరి పద్ధతని సారమ్మ మూతి తిప్పింది. ఈ రోజు వరకూ అబద్ధాలు చెప్పి సంబంధాలు కుదర్చడం ఏ ఊరి పద్ధతో, ఇదీ ఆ ఊరి పద్ధతేనని నిరోష చెప్పాక ఆమె మళ్ళీ గాజుల డబ్బాలో తల పెట్టింది.

నిరోష డేవిడ్ వైపు తిరిగింది.

"పొద్దుగాల డ్యూటీకి పోయేటప్పుడు నా చేతిల పెట్టి పోవాలె. జేబుల గాదు, డబ్బాల గాదు, నా చేతిల. గీ వేలికి పెట్టుకుంట. సాయంత్రం వచ్చినంక నేనే తొడుగుత. దినాం తొడుగుత."

"సరే."

"వానొచ్చినా, గాలొచ్చినా, ఎంత రాత్రయినా." ఇంకేదో అనబోయింది. ల్యాబులో ఎవరికీ భయపడని ఆ నోరు అక్కడ ఆగిపోయింది. బొటనవేలి మీది ఉంగరాన్ని ఒకసారి తిప్పి, తల వంచుకుని చిన్నగా అడిగింది.

"వస్తవ్ గదా?"

"వస్త," అన్నాడు డేవిడ్.

ఆ రోజు మొత్తంలో అతను ఏ వంకా పెట్టకుండా, వెంటనే చెప్పిన మాట అదొక్కటే.