పూల్‌లో మిగిలిన పేర్లు

"రేవులో మన మనిషిని కాల్చేశారు. వాడి పేరు మన వెబ్ సర్వర్‌లోంచే పొక్కింది. వెళ్ళి లీక్ పట్టుకో," అన్నాడు చీఫ్.

ఏజెంట్ నత్త, 'సి' భాషలో కోడ్ రాసే ప్రోగ్రామర్ వేషంలో సర్వర్ రూమ్ పక్క గదిలో చేరాడు. నత్త అని పేరు పెట్టినవాళ్ళకే అతని అసలు పేరు గుర్తులేదు. వారాలు గడిచినా పలకరించిన మనిషి ఒక్కతే, పక్క సీటు సీనియర్. ఆమె నవ్వితే ఆఫీసంతా తలలు తిప్పేది. ఆమె మాత్రం వచ్చి ఇతని బల్ల మీదే మోచేతులు ఆన్చేది. జన్మలో మొదటిసారి నత్తకి సోమవారాలంటే ఇష్టం కలిగింది.

ఈ మధ్యాహ్నం లీక్ దొరికింది. ఏజెంట్లు రిపోర్ట్ పంపగానే ఆ రిక్వెస్ట్ కోసం సర్వర్‌లో ఒక మెమరీ పూల్, అంటే ఆ కాసేపటికి వాడుకునే చోటు, తయారవుతుంది. వాళ్ళ పేర్లు అందులో గొలుసులాంటి లింక్డ్ లిస్ట్‌గా, పేరుకో నోడ్ చొప్పున, ఒక్కో నోడ్ తర్వాతి నోడ్ అడ్రస్ పట్టుకుని నిలబడతాయి. జవాబు వెళ్ళగానే పూల్ మొత్తాన్ని ఒక్కసారే తుడిచేస్తారు, నోడ్లని విడివిడిగా ఎవరూ పట్టించుకోరు. ఆ ధీమాయే కొంప ముంచింది. కొత్త నోడ్‌కి చోటు అడిగే లైన్‌లో రిక్వెస్ట్ పూల్ బదులు సర్వర్ పూల్ ఉంది. సర్వర్ ఆగేదాకా అది ఖాళీ కాదు. అక్కడ పోగుపడ్డ పేర్లని విదేశీ ముఠా తీరిగ్గా చదువుకుంటోంది.

ఆ లైన్ ఎవరు రాశారో చూశాడు. పక్క సీటు.

నాలుగింటికి ఏజెంట్లందరూ రిపోర్ట్ చేస్తారు. అతను లైన్ మార్చి, కొత్త కోడ్ సర్వర్‌కి ఎక్కేలా కంపైల్ కొట్టాడు.

"కీబోర్డ్ మీంచి చెయ్యి తియ్," వెనక ఆమె గొంతు. చేతిలో లిప్‌స్టిక్. మూత తీస్తే అది పిస్టల్. "నాతో వచ్చెయ్. ఇక్కడ నీకెవరున్నారు?"

"ఎవరూ లేరు."

"మరింకేం?"

వెళ్ళిపోవాలనే అనిపించింది అతనికి. నిజంగానే అనిపించింది. స్క్రీన్ మీద కంపైల్ పూర్తయింది.

"నాతో మాట్లాడిందంతా డ్యూటీయేనా?" అన్నాడు.

అతని మోకాలు బల్ల కింద తను ముందే రహస్యంగా అమర్చుకున్న రీస్టార్ట్ బటన్ నొక్కింది. సర్వర్ ఆగి, పాత పేర్లన్నీ తుడిచిపెట్టుకుపోయి, కొత్త కోడ్‌తో లేచింది. అప్పుడే నాలుగైంది. సర్వర్ ఆగినందుకు మోగిన అలారం విని గార్డులు పరిగెత్తుకొచ్చారు. ఆమె కాల్చలేదు. ఎందుకని అతను అడగలేదు.

చీఫ్ ఫోన్ చేశాడు. "శభాష్! ఆ డబుల్ ఏజెంట్‌కి ఇక్కడ దగ్గరివాళ్ళెవరు? అందర్నీ విచారించాలి."

"నేనొక్కణ్ణే సార్."

"అయితే నీమీదా విచారణ తప్పదు. నీ తరఫున హామీ ఇవ్వడానికి నీకు దగ్గరివాళ్ళెవరు?"

నత్త కిటికీలోంచి కిందికి చూశాడు.

"ఆవిణ్ణే సార్, ఇప్పుడు జీపెక్కిస్తున్నారు."