ఇష్టపూర్వకంగా

తొమ్మిది రోజులుగా పెద్దకోడలికి పొద్దున్నే మొదటి పని తోడికోడలి తల దువ్వడం. చిన్నకోడలు వంటింటి గుమ్మం పక్కన నేల మీద కూర్చుంటుంది, కట్టు కట్టిన కుడిచేతిని ఒళ్ళో దిండు మీద పెట్టుకుని. పెద్దకోడలు వెనక పీట వేసుకుని ఓపిగ్గా చిక్కులు తీస్తుంది. ఇద్దరూ ఒకే సబ్బుల ఫ్యాక్టరీలో, ఒకే ప్యాకింగ్ హాల్లో పనిచేసేవాళ్ళు. ఎన్నిసార్లు తలంటుకున్నా జుట్టులోంచి సబ్బు వాసన వదలదు.

"నెమ్మదిగా అక్కా. చెయ్యి పోయింది చాలదా, జుట్టు కూడా ఊడబెరుకుతావా," అంది చిన్నకోడలు నవ్వుతూ.

పెద్దకోడలు నవ్వలేదు. దువ్వెన ఒక్క క్షణం ఆగి మళ్ళీ కదిలింది.

లోపలి గదిలోంచి చంటిపిల్ల ఏడుపు, దాని వెనకే అత్తగారి గొంతు. "ఇది నా ఒళ్ళో ఇమడదమ్మా. సబ్బుముక్కలా జారిపోతోంది. పాలకేడుస్తోంది, ఎవరో ఒకరు రండి."

పెద్దకోడలు వెళ్ళి పాపని తెచ్చింది. ఒంటిచేత్తో తల్లి పట్టుకోలేదు కాబట్టి, పాప తలకింద తన చెయ్యి పెట్టి, పాలు తాగినంతసేపూ వంగే నిలబడింది. తర్వాత డబ్బా సర్దుకుని పనికి బయల్దేరింది. గుమ్మం దాటుతుంటే వెనక నుంచి మరిది గొంతు వినిపించింది.

"వదినా, ఇవాళైనా ఆ ఉత్తరం సంగతి అడుగు. ఇంకా ఆరు రోజులే."

"అడుగుతాను," అంది, వెనక్కి తిరగకుండానే.

ఆ ఆరు రోజుల లెక్క డాక్టరు చెప్పింది. కిందటి ఆదివారానికి ముందు ఆదివారంనాడు ఫ్యాక్టరీ తరఫున ఓ బడి గోడలకి రంగులు వెయ్యడానికి ఇరవైమంది వెళ్ళారు. చిన్నకోడలు నిచ్చెన మీంచి జారి, పట్టు కోసం చెయ్యి చాపితే అది కిటికీ అద్దంలోంచి దూసుకుపోయింది. అరచేతిలో వేళ్ళని ముడిచే నరాలు తెగాయి. దగ్గర్లోని ఆసుపత్రిలో పైన కుట్లు వేశారు. లోపలి నరాలు కలపాలంటే పెద్దాసుపత్రిలో ఆపరేషన్ చెయ్యాలనీ, పదిహేను రోజులు దాటితే ఆ వేళ్ళు మళ్ళీ ముడుచుకోవడం కష్టమనీ చెప్పి పంపారు. పెద్దాసుపత్రితో ఫ్యాక్టరీకి ఒప్పందం ఉంది. డ్యూటీలో దెబ్బ తగిలిందని ఫ్యాక్టరీ ఒక ఉత్తరం ఇస్తే ఆ రోజే మంచం దొరుకుతుంది. ఉత్తరం లేకపోతే, ఆ ఆసుపత్రి గేటు దాటే తాహతు ఆ ఇంటికి లేదు.

ఫ్యాక్టరీ వాళ్ళ మాట ఒక్కటే. అది డ్యూటీ కాదు, సేవ. ఇష్టపడి వచ్చింది.

ప్యాకింగ్ హాల్లో పెద్దకోడలిని అందరూ లిస్టక్క అంటారు. తాత్కాలిక సూపర్‌వైజరుగా షిఫ్టులు వెయ్యడంతోపాటు, సేవా కార్యక్రమానికి పేర్లు రాసుకునే పని కూడా ఆమెదే. ఆ పేరు మొదట్లో ముద్దుగా పెట్టిందే. ఆమె ఏడో తరగతిలో బడి మానేసిన మనిషి. రెండేళ్ళ కిందట మొదటిసారి ఫ్యాక్టరీ బస్సెక్కి ఒక బడికి వెళ్ళి గోడ మీద పెద్ద పెద్ద అక్షరాలు దిద్దుతుంటే, ఓ చిన్నపిల్ల వచ్చి చెయ్యి పట్టుకుని, "టీచర్, దీని తర్వాత ఏ అక్షరం రాస్తారు," అని అడిగింది. ఆ ముక్క ఇంటికొచ్చి ఎన్నిసార్లు చెప్పిందో లెక్కలేదు. మర్నాడు టీ విరామంలో హాలంతా తిరిగి, "ఆదివారం ఇంట్లో పడుకుంటే నడుంనొప్పి తప్ప ఏమొస్తుందే. ఒక్కసారి రండి. మనల్ని కూడా టీచర్ అంటారు," అని చెబితే పదిమంది నవ్వుకుంటూ వచ్చారు. వచ్చినవాళ్ళు మళ్ళీ వచ్చారు.

తర్వాత గేటు దగ్గర బోర్డు పెట్టారు. ఏ విభాగం నుంచి ఎంతమంది వచ్చారో చుక్కలు అంటించేవాళ్ళు. సిబ్బంది వ్యవహారాలు చూసే ఆఫీసరు, ఎప్పుడూ పళ్ళు కనిపిస్తుంటాయని కార్మికులు చిరునవ్వు సారు అని పేరు పెట్టిన ఆయన, విభాగానికి ఇరవై మంది తగ్గకూడదన్నాడు. ప్యాకింగ్ చుక్కలు ఎప్పుడూ అడుగునే ఉండేవి. అప్పటి నుంచి లిస్టక్క మాట మారింది. బతిమాలడం పోయి దెప్పడం వచ్చింది, దెప్పడం పోయి, "రాసుకోనా, సారుకి చెప్పనా," అనడం వచ్చింది. ఆమెని చూస్తే టీ గ్లాసు పట్టుకుని బాత్రూం వైపు నడిచేవాళ్ళు ఎక్కువయ్యారు.

ఆ రోజు పదకొండింటికి చిరునవ్వు సారు గదిలోకి పిలిచాడు.

"కూర్చోమ్మా. మీ తోడికోడలికి ఎలా ఉంది? పాపం. మేమంతా చాలా బాధపడ్డాం." బల్ల మీద ఒక కాగితం తిప్పి ఆమె వైపు జరిపాడు. 'నేను నా ఇష్టపూర్వకంగా, నా సెలవు రోజున, ఈ సేవా కార్యక్రమంలో పాల్గొంటున్నాను.' కింద చిన్నకోడలి పేరు, సంతకం, గురువారం తారీఖు. "ఇదిగో, తనే సంతకం పెట్టింది. ఎవరూ బలవంతపెట్టలేదని మీరు కూడా రెండు ముక్కలు రాసివ్వండి. పేర్లు రాసింది మీరే కదా. ఫైలు మూసేస్తాం."

"రాయకపోతే ఏమవుతుంది సార్?"

"ఏమవుతుందంటే, మేమే పంపించినట్టవుతుంది. అప్పుడు పంపిందెవరు అంటారు." ఆయన నవ్వు చెరగలేదు. "వచ్చేనెల మిమ్మల్ని సూపర్‌వైజరుగా ఖాయం చెయ్యమని నేనే పైకి రాశాను. తొందరేం లేదు, రేపు పొద్దున తెచ్చివ్వండి."

ఆమె కళ్ళు ఆ సంతకం మీదే ఉన్నాయి. చివరి అక్షరం కొమ్ము ఒకపక్కకి వాలి ఉంది. అది తన చెయ్యి వాటం. గురువారం సాయంత్రానికి పంతొమ్మిది పేర్లయ్యాయి. ఇంకొక్కటి దొరకలేదు. చిన్నకోడలు ఆ రోజు సెలవు. ఇంట్లో మనిషే కదా, రాత్రికి చెబితే సరిపోతుందనుకుని తనే పెన్ను పెట్టేసింది. రాత్రి అన్నాల దగ్గర చెప్పింది కూడా. చిన్నకోడలు పాప వైపు ఒకసారి చూసి, "సరే అక్కా," అంది. అంతే.

సాయంత్రం ఆమె ఇంటికొచ్చేసరికి మరిది నడిగదిలో నిలబడే ఉన్నాడు. పార్సిల్ బండి తోలే మనిషి, తొమ్మిది రోజులుగా పనికి పోలేదు. చేతిలో మడత పెట్టిన కాగితం. అత్తగారు మంచం మీద పాపని పడుకోబెట్టుకుని ఉంది. లిఫ్టులు బాగుచేసే పనికి పోయే భర్త అప్పుడే వచ్చి చొక్కా విప్పుతున్నాడు. చిన్నకోడలు గోడకి ఆనుకుని కూర్చుంది.

"ఫ్యాక్టరీకి వెళ్ళాను వదినా," అన్నాడు మరిది. "గంటన్నర బయట కూర్చోబెట్టి ఈ జిరాక్సు చేతిలో పెట్టారు. సంతకం ఉందిగా, ఇంక మాట్లాడకన్నారు. గురువారం తారీఖు వేసి ఉంది. గురువారం మా ఆవిడ పనికే రాలేదు. పాపకి టీకా వేయించడానికి నేనూ తనూ కలిసి వెళ్ళాం. పొద్దుటి నుంచి మూడింటి దాకా అక్కడే ఉన్నాం. మరి ఇది ఎవరు పెట్టారు?"

పెద్దకోడలు డబ్బా కింద పెట్టి గుమ్మంలోనే నిలబడింది.

"నిన్నే అడుగుతున్నా వదినా."

"ఒరేయ్, పనిచేసి వచ్చిన మనిషిని కాళ్ళు కూడా కడుక్కోనివ్వవా," అన్నాడు భర్త.

"నీకు తెలుసన్నమాట అన్నయ్యా."

"తెలిసినా తెలియకపోయినా ఆ ఉద్యోగం పోతే ఇల్లు నడిచేదెలా? నాకు నెలలో పదిహేను రోజులు పనుంటే పదిహేను రోజులుండదు. నువ్వు చూస్తే ఇంట్లో కూర్చున్నావు. ఆవేశపడితే చెయ్యి వస్తుందా?"

"ఆవేశపడకపోతే వస్తుందా? ఇంకో ఆరు రోజులు నోరు మూసుకుని కూర్చుంటే నా పెళ్ళానికి వేళ్ళు ముడుచుకుంటాయా?"

"నేనే పెట్టాను," అంది పెద్దకోడలు.

అత్తగారు నుదురు పట్టుకుంది. "ఎంత పని చేశావే పెద్దమ్మాయ్. పచ్చిబాలింత కాకపోయినా చంటిపిల్ల తల్లి. ఇంటిపిల్లని నిచ్చెనెక్కించడానికి నీకు చేతులెలా వచ్చాయి?"

"ఒక్క పేరు తగ్గింది అత్తయ్యా. రెండు గంటల పనే కదా అనుకున్నాను. నేను కూడా పక్కనే ఉంటాను కదా అనుకున్నాను. అడిగితే ఎలాగూ వస్తానంటుందని..."

"నాకు తెలుసు," అంది చిన్నకోడలు.

అందరూ ఆమె వైపు తిరిగారు. ఆమె ఎవర్నీ చూడటంలేదు. కట్టు అంచున ఉన్న దారప్పోగుని ఎడమచేత్తో లాగుతోంది.

"ఆదివారం బస్సు దిగాక హాజరు వేస్తుంటే ఆ కాగితం చూశాను. నా సంతకం కాదని తెలిసింది. అక్క రాత అని కూడా తెలిసింది. అక్కడే చెబుదామనుకున్నా. చుట్టూ అంతమంది ఉన్నారు. అక్క పరువు పోతుందని ఊరుకున్నా. ఆ ఆలోచనతోనే నిచ్చెనెక్కా. కాలు సరిగ్గా పెట్టానో లేదో కూడా గుర్తులేదు."

"మరి తొమ్మిది రోజులు ఎందుకు చెప్పలేదే?" అన్నాడు మరిది.

"చెబితే ఏమవుతుందో చూస్తున్నావుగా."

పెద్దకోడలు ఆమె ముందు కూలబడింది. "ఆ రాత్రే రానని చెప్పకపోయావా. ఒక్కమాట. నేను కొట్టేస్తానా, తిడతానా?"

అప్పుడు తలెత్తింది చిన్నకోడలు. తొమ్మిది రోజులుగా నవ్విన మొహం కాదది. "నువ్వు అడిగితే కాదనే వీలు నాకెక్కడుందక్కా? ఇంట్లో నువ్వు నాకన్నా పెద్దదానివి. హాల్లో నా పైదానివి. నా షిఫ్టు రాసేది నువ్వు, పాలకి ఇంటికెళ్ళి వస్తానంటే పంపాల్సింది నువ్వు. నువ్వు ఎప్పుడూ నన్ను తిట్టలేదు, నిజమే. తిట్టాల్సిన అవసరం నీకు ఎప్పుడొచ్చింది? నేనే కాదు, ఆ బస్సులో సగం మంది అంతే. అందరూ నవ్వుతూనే ఎక్కారు. నవ్వకపోతే నువ్వేమనుకుంటావోనని."

పాప కదిలి, నిద్రలోనే చిన్నగా మూలిగింది. అత్తగారు జోకొట్టింది. తన మాట మీద అంతమంది కదులుతున్నారని రెండేళ్ళుగా మురిసిపోయింది పెద్దకోడలు. వాళ్ళని కదిలించింది మాట కాదు, భయం. ఆ సంగతి హాలంతటికీ తెలుసు. తనకే తెలియలేదు.

మర్నాడు పొద్దున ఆమె చిరునవ్వు సారు గదిలో కూర్చుని రాసింది. వంకర అక్షరాలతో, తప్పు వచ్చిన చోట కొట్టేసి పక్కన మళ్ళీ రాస్తూ, ఒక పేజీ నిండా రాసింది. ఆ సంతకం తానే పెట్టిందని రాసింది. ఇరవై మంది తగ్గకూడదని ఎవరు చెప్పారో రాసింది. వచ్చినవాళ్ళలో సగం మంది తన మాట తీసెయ్యలేక వచ్చారని రాసింది.

ఆయన చదువుతుంటే మొదటిసారి పళ్ళు కనపడలేదు. "ఈ చివరి రెండు వాక్యాలు కొట్టెయ్యండి. మిగతాదానికి ఏదో ఒకటి చేద్దాం."

"కొట్టెయ్యను సార్. రాత్రే ఇదంతా ఇంకో కాగితం మీద రాసి మా మరిదికి ఇచ్చొచ్చాను."

"దొంగ సంతకం పెట్టినవాళ్ళని ఇక్కడ ఉంచం. తెలుసు కదా?"

"తెలుసు సార్."

మధ్యాహ్నానికి గుర్తింపు కార్డు తీసేసుకున్నారు. హాల్లోంచి నడిచి వస్తుంటే మిషన్లు ఆగలేదు, ఎవరూ పలకరించలేదు. సబ్బుపెట్టెలు అతికించే ముసలామె ఒకావిడ మాత్రం, "వెళ్ళిరామ్మా," అంది. లిస్టక్కా అనలేదు.

ఉత్తరం మాత్రం అంత తేలిగ్గా రాలేదు. పైవాళ్ళు చూడాలన్నారు, వాళ్ళ పైవాళ్ళు సెలవులో ఉన్నారన్నారు. మరిది రోజూ ఫ్యాక్టరీ గేటు దగ్గరే కూర్చున్నాడు. పదిహేనో రోజు దాటిపోయింది. పద్దెనిమిదో రోజున ఉత్తరం వచ్చింది. ఆపరేషన్ అయ్యాక డాక్టరు కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూ, "ఇంకాస్త ముందు రావాల్సింది. రెండు వేళ్ళు వస్తాయి. మిగతా రెండిటికీ మాట ఇవ్వలేను," అన్నాడు.

కట్టు విప్పాక రోజుకి ఎనిమిదిసార్లు ఆ వేళ్ళని ఒక్కొక్కటిగా మరొకరు ముడవాలి, తెరవాలి. మరిది మళ్ళీ బండెక్కాడు. భర్త మాట్లాడటం తగ్గించాడు. అత్తగారి చేతులు వణుకుతాయి. ఇంట్లో ఉండేది పెద్దకోడలే. నొప్పికి చిన్నకోడలి కళ్ళల్లోంచి నీళ్ళు కారేవి, పెదవి కొరుక్కునేది తప్ప నోరు తెరిచేది కాదు. మూడు రోజులు అలాగే గడిచాయి. నాలుగోరోజు మధ్యాహ్నం పెద్దకోడలు నూనెగిన్నె పక్కన పెట్టి, చెయ్యి అందుకోకుండా కూర్చుంది.

"చెయ్యనా?" అని అడిగింది.

చిన్నకోడలు కొత్తగా చూసింది. అలవాటుగా 'సరే అక్కా' అనబోయి ఆగింది. చాలాసేపు తన అరచేతి మీద మచ్చ వైపు చూసుకుంది.

"ఇప్పుడు వద్దు."

ఆ ఇంటికొచ్చిన మూడేళ్ళలో ఆమె నోట ఆ మాట రావడం అదే మొదటిసారి. పెద్దకోడలు తల ఊపింది. కళ్ళు నిండిపోతుంటే తుడుచుకోకుండా, అక్కణ్ణుంచి లేచిపోకుండా, చేతులు ఒళ్ళో పెట్టుకుని అలాగే కూర్చుంది. చిన్నకోడలు ఆమెని ఓదార్చలేదు. బయట ఎండ గోడ దిగి గుమ్మం దాకా వచ్చింది.

కొంతసేపటికి, ముడవని రెండు వేళ్ళతో సహా ఆ చెయ్యి తనంతట తానే వచ్చి పెద్దకోడలి ఒళ్ళో వాలింది.

"ఇప్పుడు చెయ్యి," అంది చిన్నకోడలు. "నొప్పెడితే ఆపమంటాను. ఆపాలి."

"ఆపుతాను."