మూడో ప్రకటన

ఆ ఆదివారం చర్చిలో రెండు నోళ్ళు మూసుకున్నాయి. ఒకటి మగవాళ్ళ వైపు, ఒకటి ఆడవాళ్ళ వైపు. ఈ ప్రేమకథకు అంతకు మించిన మొదలు లేదు.

1917వ సంవత్సరం. గండికోటకు ఇవతల, పెన్న ఒడ్డున ఒక మిషను పల్లె. రెండేళ్ళుగా వాన మొహం చూడని నేల. అయినా పాదిరి దొర వాన కోసం చేసే ప్రార్థన రెండు ముక్కల్లో అయిపోయేది. యుద్ధం కోసం చేసేది మాత్రం పిల్లలు తల్లుల ఒళ్ళో నిద్రపోయేంత పొడుగు. చక్రవర్తి కత్తికి పదునివ్వమని, శత్రువును మట్టి కరిపించమని దేవుణ్ణి అడిగి, చివర్లో గొంతు పెంచేవాడు. అప్పుడు అందరూ ఆమేన్ అనాలి. అన్నారు.

బడి అయ్యవారు దావీదురాజు అనలేదు. అననివాడు తల వంచుకుని ఉండొచ్చు కదా, పక్కచూపు చూశాడు. అవతల ఆడవాళ్ళ చాపల మీద, అవ్వల నడుమ, ఒక అమ్మాయి పెదవులు బిగబట్టి సూటిగా అతన్నే చూస్తోంది. అందరూ కళ్ళు మూసుకున్న చోట తెరిచి ఉన్నవి వాళ్ళిద్దరివే. పాతికేళ్ళ కుర్రవాడికి ఇంకేం కావాలి?

ఆమె రాహేలమ్మ కూతురు జీవమ్మ. అన్న ఏసేపు పోయినేడు పటాలంలో చేరాడు. యుద్ధానికి పోవడం దేవుని సేవేనని దొర చర్చి మెట్ల మీద నిలబడి చెబితే, నమ్మి పోయాడు. సముద్రం అవతల, అరబ్బుల దేశంలో, బస్రా అనే ఊళ్ళో చచ్చిపోయాడు. ఆ కబురు కూడా దొరే ఆరాధనలో చెప్పాడు. దేవుని కోసం, రాజు కోసం ప్రాణమర్పించాడన్నాడు. దానికీ సంఘమంతా ఆమేన్ అంది. ఆ రోజు నుంచి జీవమ్మ ఆ మాట అనడం మానేసింది.

ఎండిన పెన్నలో ఇసుక తోడి చెలమ తీస్తే నీళ్ళు మెల్లగా ఊరతాయి. కడవ నిండేలోపు ఎంత మాటైనా మాట్లాడుకోవచ్చు. దావీదురాజుకు ఆ వారమంతా, జీవమ్మ చెలమకు వచ్చే వేళకే, విపరీతంగా దాహమేసింది.

"ఏమప్పా అయ్యోరూ, ఆదివారం నోరు నొప్పి చేసినాదా?" అని జీవమ్మే ముందు కదిలించింది.

అతను చరిత్ర పాఠం ఎత్తుకున్నాడు. దొర దగ్గర నేర్చుకున్న పాఠమే. ఐరోపాలో ఒకప్పుడు ఒకే క్రీస్తుకు మొక్కే రెండు తెగలవాళ్ళు ఒకరినొకరు తగలబెట్టుకున్నారట. అప్పుడు అక్కడి జ్ఞానులు మతం చేతిలోంచి కత్తి లాక్కుని సర్కారు చేతికిచ్చారట. ఆత్మ మతానిది, కత్తి సర్కారుది. ఇక శాంతేనట. పీర్ల పండగలో ఎవరైనా తలలు పగలగొట్టుకుంటే, చూశారా మతం చేసే పని అనేవాడు దొర. సర్కారు తుపాకి పేలిస్తే మాత్రం దాని పేరు శాంతి. దావీదురాజు ఇదంతా నమ్మాడు, పిల్లలకూ చెప్పాడు.

"కత్తి మతం చేతిలో ఉండగూడదంటారు గదా దొర," అన్నాడు. "మరి దాన్ని వారం వారం గుడిలోకి తెచ్చి నూరుతాండారెందుకు? అవతల జర్మనీవాళ్ళూ ఈ దేవుణ్ణే ఇదే అడుగుతాండారంట."

జీవమ్మ కడవలోకి నీళ్ళు తోడుతూ విన్నది.

"నాకంత చదువు రాదు గానీ, ఒకటి చెప్పు. మా అన్నను సంపింది మతమా, సర్కారా?"

అతను తెలియదన్నాడు.

"తెలీదని చెప్పే అయ్యోరును ఇప్పుడే చూస్తాండా," అని జీవమ్మ నవ్వింది. అన్న పోయాక ఆమె నవ్వడం అదే మొదలు. ఆ నవ్వుతో అతని పని అయిపోయింది.

తర్వాత ప్రతి ఆదివారం చర్చి గడప దాటుతూ, నోరు భద్రమేనా అని ఆమె కళ్ళతోనే అడిగేది. భద్రమేనని అతను తల ఊపేవాడు. రాహేలమ్మ పెళ్ళికి ఒప్పుకుంది. మిషను ఆచారం ప్రకారం పెళ్ళి ప్రకటన మూడు ఆదివారాలు చర్చిలో చదవాలి. మొదటిది చదివారు, రెండోదీ చదివారు. ఆ రెండో ఆదివారమే దొర ఆమేన్ వేళకు కళ్ళు తెరిచి, అయ్యవారి మూసిన నోరు చూశాడు.

దావీదురాజును బంగళాకు పిలిపించాడు. కోప్పడలేదు, అదే బాధ.

"నీవు దేవుని మందిరములోనికి రాజకీయమును తెచ్చుచున్నావు," అన్నాడు తన పుస్తకాల తెలుగులో.

ఫిరంగుల కోసం మొక్కడం భక్తి, ఊరకుండటం రాజకీయం. వచ్చే ఆదివారం లేచి నిలబడి అందరికీ వినబడేలా ఆమేన్ అంటేనే మూడో ప్రకటన. లేదంటే పెళ్ళి లేదన్నాడు.

జీవమ్మ విని తేలిగ్గా తీసుకుంది.

"సదవకుంటే మానె. యుద్ధం అయ్యేదాకా కాచుకుంటా. నువ్వు నోరు మూసుకో సాలు."

"ఒక్క మాటే గదా జీవమ్మా. మనసులో లేని మాట."

"అందరూ మనసులో లేని మాటే అనిరి. మా అన్న పాయె."

అతను సరేనన్నాడు.

ప్రేమకథలో వాన రావాలి కదా, సరిగ్గా మూడో ఆదివారమే వచ్చింది. చర్చి రేకుల మీద దబదబా కురుస్తోంది. ప్రార్థన ముగించి దొర అతని వైపు తిరిగి ఆగాడు. అవతల నుంచి జీవమ్మ చూస్తోంది, ధైర్యం చెబుతున్నట్టు నవ్వుతోంది. ఆ నవ్వు చూస్తుంటే అతనికి ఇంకొక్క రోజు కూడా ఓపిక లేకపోయింది. యుద్ధం పదేళ్ళు సాగితే? ఈలోపు ఆమెను ఇంకెవరికో ఇస్తే? లేచి నిలబడ్డాడు. ఈ వాన హోరులో ఎవరికి వినబడుతుందిలే అనుకున్నాడు.

"ఆమేన్."

అందరికీ వినబడింది. దొర సంతోషంగా ప్రకటన చదివి, ఎవరికైనా అభ్యంతరముంటే చెప్పమన్నాడు. ఆ ఊళ్ళో ఆ మాటకు ఎన్నడూ ఎవరూ లేచింది లేదు.

జీవమ్మ లేచింది.

"నాకుండాది."

పెండ్లికూతురివి నీవే కదా అన్నాడు దొర, అర్థం కాక.

"నేనే. మా అన్నను సంపిన యుద్ధానికి ఆమేన్ అనిన నోటితో నాకు పెండ్లి మాట ఇయ్యడం నాకిష్టం లేదు."

చెప్పి కూర్చుంది. రాహేలమ్మ కూతురి చెయ్యి పట్టుకుంది. దావీదురాజు ఒక్కడే ఇంకా నిలబడి ఉన్నాడు, కూర్చోమని ఎవరూ అనలేదు.

మరుసటేడు యుద్ధం అయిపోయింది. జీవమ్మ కాచుకుంటానన్న గడువు అదే. గెలుపు ఇచ్చినందుకు దొర దేవునికి పొడుగాటి స్తోత్రం చేశాడు. సంఘమంతా ఆమేన్ అంది. దావీదురాజూ అన్నాడు, ఇప్పుడది అలవాటైపోయింది. అనేసి, కళ్ళు తెరిచి ఆడవాళ్ళ వైపు చూశాడు.

జీవమ్మ నోరు మూసే ఉంది. కళ్ళు తెరిచే ఉన్నాయి. అతని వైపు మాత్రం చూడలేదు.