పోలిక మనిషి

ఇరవై ఒకటో శతాబ్దం చివరికొచ్చిన ఈ రోజుల్లో కాకినాడ హోటళ్లలో టేబుల్‌కి ఒకటే కుర్చీ. రెండోది కావాలంటే సర్వర్ మనిషిని ఎగాదిగా చూసి, లోపలి గదిలోంచి దుమ్ము దులిపి తెస్తాడు. తరళ రోజూ అడిగి తెప్పించుకుంటుంది. ఊళ్లో అందరూ ఒంటరిగానే తింటారు, ఒంటరిగానే షికారు వెళతారు, హాయిగానే ఉంటారు. ఆ హాయిని కనిపెట్టిన డాక్టర్ తరళకు మాత్రం అది దక్కలేదు.

దాని పేరు తోడుచుక్క. చంద్రుడి మీద గనుల్లో ఏళ్ల తరబడి ఒక్కళ్లే ఉండి మతి చెడుతున్నవాళ్ల కోసం, ఆవిడా, ఆవిడ సహచర శాస్త్రవేత్త ఇమ్మానుయేలూ కలిసి తయారుచేశారు. ఇష్టమైన మనిషి పక్కన కూర్చున్నప్పుడు మెదడు కణాల్లో కొన్ని ఆర్‌ఎన్‌ఏ పోగులు పుడతాయి. కాసేపుండి కరిగిపోతాయి. ఆ మనిషి వెళ్లిపోయాక ఇల్లు బోసిపోయేది అందుకే. వీళ్లు ఆ పోగుల నకళ్లను, కోరలు తీసిన ఒక రెట్రోవైరస్‌లో పెట్టారు. మామూలుగా కణంలో రాత డీఎన్‌ఏ నుంచి ఆర్‌ఎన్‌ఏకి నడుస్తుంది. రెట్రోవైరస్ వెంట తెచ్చుకునే రివర్స్ ట్రాన్స్‌క్రిప్టేజ్ అనే ఎంజైమ్, అంటే వీళ్లు ముద్దుగా పిలుచుకునే ఎదురురాతగాడు, ఆర్‌ఎన్‌ఏను చూసి డీఎన్‌ఏ రాస్తాడు. దాన్ని మరో ఎంజైమ్ కణం సొంత డీఎన్‌ఏలో అతికిస్తుంది. ఇక అది ఆ కణం బతికున్నంతకాలం పోదు. ముక్కులో రెండు చుక్కలు వేసుకుంటే చాలు, పక్కన ఎవరో ఉన్నట్టే ఉంటుంది. గనుల నుంచి అది ఊళ్లోకీ వచ్చి ఇంటింటా చేరింది.

పోల్చి చూడడానికి మందు వేసుకోని మనిషి ఒకరుండాలి. "నేనుంటాలే, నాకు నువ్వున్నావుగా," అంది తరళ. తనూ వేసుకోనని ఇమ్మానుయేలు మాటిచ్చాడు. అప్పట్నుంచీ సాయంత్రాలు ఇద్దరికీ ఈ హోటల్లో కాఫీ, పోట్లాట. ఆవిడకు మిగిలిన మనిషి అతనొక్కడే.

ఆ సాయంత్రం అతను ఆలస్యంగా వచ్చి కుర్చీ అంచున కూర్చున్నాడు.

"చుక్క వేసేసుకున్నానండీ, పొద్దున్న."

తరళ కప్పు కింద పెట్టేసింది. "మాటిచ్చావు కదయ్యా!"

"ఇచ్చానండీ. మీతో ఉన్నంతసేపూ బాగానే ఉంటది. ఇంటికెళ్లాక గోడలు చూస్తా ఎంతకాలమండీ?"

"ఎదురురాత ముగియడానికి రేపటిదాకా పడుతుంది. ఈలోగా దాన్ని ఆపే అడ్డుబిళ్ల నా సంచిలోనే ఉంది. మింగెయ్. అతుక్కున్నాక ఎవరమూ ఏం చెయ్యలేం."

"వద్దండీ. అయినా రావడం మానేస్తానా ఏంటి? రేపూ వస్తానండి."

అందరూ అలాగే అన్నారు. ఆవిడ సొంత చెల్లెలూ అలాగే అంది.

అతను చేతులు కడుక్కోవడానికి లేచాడు. తరళ బిళ్లను నలిపి అతని కాఫీలో కలిపింది. మనిషికి తెలియకుండా మందు పెట్టడం పాపమని ఆవిడకు తెలుసు. అయినా కలిపింది.

అతను తిరిగొచ్చి కప్పు ఖాళీ చేసి, "ఇవాళ డికాషన్ మరీ చేదండీ," అన్నాడు.

మర్నాడు రాలేదు. ఆ తర్వాతా రాలేదు. బిళ్ల పనిచేయలేదనుకుని తరళ ఏడ్చింది. చివరికి ఉండబట్టలేక అతని ఇంటికి వెళ్లింది. అతను గుమ్మంలోనే నిలబడి నవ్వాడు.

"మన మందు అద్భుతమండీ! ఎవ్వరూ అక్కర్లేదనిపిస్తంది. ఏమీ అనుకోకండేం."

పరీక్షకని చెప్పి, ముక్కులోపలి నరాల కణాలు కాసిని తీసుకుని ల్యాబ్‌కి వచ్చింది. బిళ్ల భేషుగ్గా పనిచేసింది. ఎదురురాత ఒక్క అక్షరం కూడా అతుక్కోలేదు. అతని డీఎన్‌ఏ ఎలా ఉండేదో అలాగే ఉంది.

తరళ ఫలితాన్ని మళ్లీ సరిచూసింది. ఇన్నాళ్లూ అతను మాటకు కట్టుబడి వచ్చాడు. మానేయడానికి ఒక సాకు దొరగ్గానే మానేశాడు. మరి మిగతా ఊరో? ఉత్తినీళ్ల చుక్క ఇచ్చి ఎవరినీ పోల్చి చూడలేదు. పోలికకు తానొక్కతే చాలనుకున్నారు. ఎందరిలో రాత పడిందో, ఎందరికి సాకు మాత్రమే సరిపోయిందో, ఇప్పుడు చెప్పేవాళ్లు లేరు.

ఫోన్ మోగింది.

"ఏమైందండీ? బాగా పడిందా?"

నిజం చెబితే సిగ్గుపడి రేపే వచ్చేస్తాడు. ఆ రాక ఆవిడకు అక్కర్లేదు.

"పడింది, ఇమ్మానుయేలూ. చాలా చక్కగా పడింది."

"చెప్పానా! మీరూ వేసేసుకోండి మరి. పాపం, ఒక్కరే ఉంటున్నారు."