కర్ర దించిన కూతురు

పొద్దున్నుంచీ షుబ్రా పేటలోని ఆ ఇంట్లో ఫోను ఆగకుండా మోగుతోంది. ముప్పై ఏళ్లు కైరోలో ఆర్కెస్ట్రాలు నడిపిన వగీహ్ ప్రతిసారీ ముందుగా అందుకోవడం, అవతలివాళ్లు షహీరా కావాలనడం. రాత్రికి ఆయన కూతురు కైరోలో తన తొలి కచేరీ నడపబోతోంది. అదీ ఆయన రాసిన సంగీతంతోనే. భుజం పట్టేసి డాక్టరు వద్దన్నాడు గానీ, లేకపోతే ఆ వేదిక వదిలే మనిషా!

ఫూల్ అనే చిక్కుడుగింజల కూర గిన్నెలో రొట్టె ముంచి ఉప్పు లేదన్నాడు. టీ చల్లారిందన్నాడు. వియన్నా చదువులతో పిల్ల పాడైపోయిందన్నాడు. భార్య ఇన్సాఫ్ కాసేపు ఓర్చుకుని గరిటె పక్కన పెట్టింది.

"ఉప్పు సరిగ్గానే ఉంది. మీ కడుపుమంటకి నా వంటనెందుకండీ ఆడిపోసుకుంటారు? కన్నకూతురి మీద కుళ్లేమిటి, సిగ్గులేకుండా."

ఆ మాటకి లేచి, చొక్కా మార్చుకుని, ఎవరూ పిలవకపోయినా రిహార్సల్‌కి బయల్దేరాడు. కుళ్లే మరి, ఇంకేమిటి?

హాల్లో వెనక వరసలో కూర్చున్నాడు. అంతా బాగానే సాగుతోంది, అదే ఆయనకి మింగుడుపడటం లేదు. ఇంతలో ముసలి షహాత రెల్లు పిల్లనగ్రోవి వాయించే చోటు వచ్చింది. పెళ్లిళ్లలో ఊదుకునేవాడిని నమ్మడమేమిటని, వగీహ్ అక్కడ ప్రతి స్వరాన్నీ కొలిచి రాశాడు, దగ్గరుండి తాళం వేసి నడిపించేవాడు. వేదిక మీద షహీరా, ఆర్కెస్ట్రాని నడిపే సన్నని కర్ర దించేసి, కానివ్వు బాబాయ్ అన్నట్టు తల ఊపింది. షహాత ఆ స్వరాన్ని పట్టుకుని తన ఇష్టానికి తిప్పాడు, సాగదీశాడు, ఊరించి ఊరించి వదిలాడు. వయొలిన్ల వైపు ఎవరో ఉండబట్టలేక "అల్లా" అన్నారు. పాట మనసుకి తగిలితే ఇక్కడ ఎవరి నోటైనా వచ్చే మాటే అది. ఆ వెంటనే ఇంకొకరు, మరొకరు అన్నారు.

వగీహ్‌కి ఒళ్లు మండిపోయింది. విసవిసా వేదిక దగ్గరికి వచ్చాడు.

"ఆపు. నేను రాసింది ఇది కాదు. ఆ కాగితాలు ఇటిచ్చెయ్. రాత్రికి నా సంగీతమూ లేదు, నీ కచేరీ లేదు."

షహీరా అక్కణ్ణుంచి కదల్లేదు.

"తప్పెక్కడుందో చెప్పి తీసుకెళ్లు నాన్నా."

ఆయనకి ఎంత వెతికినా తప్పు దొరకలేదు. లోపల దాచుకున్నది కాస్తా బయటికొచ్చేసింది.

"ముప్పై ఏళ్లు నడిపాను. నాకొక్కడూ ఆ మాట అనలేదే."

షహీరా గొంతు తగ్గించింది.

"అనడానికి నువ్వు సందెక్కడిచ్చావు నాన్నా, చెయ్యి ఆపితేగా? ఇందులో నేను కలిపిందేమీ లేదు. నువ్వు రాసిన దాంట్లో ఉంది కాబట్టే బాబాయ్‌కి దొరికింది."

కర్ర ఆయన వైపు చాపింది. అందుకోవాలని ఎంత ఆశ పుట్టిందో! అందుకోకుండా వెళ్లి ముందు వరసలో కూలబడి, అక్కణ్ణుంచి మళ్లీ కానిమ్మన్నాడు.

షహాత మళ్లీ ఊదాడు. ఈసారి ఇంకో దారిన వెళ్లాడు. మోకాలి మీద తాళం వేయబోయిన చేతిని వగీహ్ రెండో చేత్తో గట్టిగా పట్టుకున్నాడు. అసూయ ఎక్కడికీ పోలేదు, గుండెలో అలాగే కలుక్కుమంటోంది. అయినా ఆ స్వరం చివరికొచ్చి ఆగేసరికి, అందరికంటే ముందు ఏడుపుగొంతుతో "అల్లా" అన్నది ఆయనే.

షహీరా వెనక్కి తిరగలేదు. కళ్లు తుడుచుకునే తీరిక కూడా లేదు, వయొలిన్లు ఎత్తుకోవలసిన చోటు వచ్చేసింది.